పడుగు కర్రల తొవ్వ

సిద్ధిపేట,
తారణ సంవత్సరం, కార్తీక బహుళ పంచమి.

చిరంజీవి తమ్ముడు లింగమూర్తికి నీ అక్క అనసూర్య నిండు మనసుతో దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మీ బావ, అమ్మ ముగ్గురం బాగున్నాం. మగ్గం కూడా బాగుంది. షోలాపురంలో నువ్వు, మరదలు, పిల్లలు చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. నీ ఉత్తరం పన్నెండు రోజులకు చేరింది. ఒక మూల చిరిగింది గాని మాటలన్నీ భద్రంగానే ఉన్నాయి. నువ్వు బడిలో అక్షరాలు దిద్దుతుంటే నీ పలక చూసి నేర్చుకున్నదాన్ని. నా రాత వంకర పోతే ఆ తప్పు నీదే.

అడిగినవాటికి వరుసగా జవాబు చెప్తాను. అమ్మ తింటున్నదా అని అడిగావు. పూటకు రెండు జొన్నరొట్టెలు, చింతకాయ తొక్కు. చెయ్యి కడుక్కోగానే ఎదురింటి అంజవ్వ వదిన దగ్గరికి పోయి, "నా బిడ్డ నాకు బువ్వ పెడ్తలేదు" అని ఫిర్యాదు చేస్తుంది. మొదట్లో అంజవ్వ వదిన నా వంక అదోలా చూసేది. ఇప్పుడు అమ్మతో కలిసి నన్ను తిడుతుంది. ఇద్దరికీ పొద్దుపోతున్నది.

అల్లుడింట్లో అత్త ఉండడం బావకు నామోషీగా ఉందా, ముఖం చిట్లిస్తున్నాడా అని అడిగావు. మీ బావ భూమయ్యకు మగ్గం నేయడం తప్ప ఇంకేదీ సరిగ్గా రాదు. ముఖం చిట్లించే పని కూడా నేనే చేసి పెడుతున్నాను. మీ చిన్నోడికి నడక వచ్చిందని రాశావు, సంతోషం. ఈ ఉత్తరం కూడా నడక గురించే.

ఇక నీ అసలు ప్రశ్న. "ఇంటికీ బావికీ నలభై అడుగులు. అంత మాత్రానికి దారి తప్పుతుందా? అది మరుపా, మొండితనమా?" అని రాశావు. ఆ కిందనే, పుష్యమాసంలో వచ్చి అమ్మను షోలాపురం తీసుకుపోతానని, అప్పటిదాకా కాలికి తాడు వేసి మగ్గం గుంజకు కట్టెయ్యమని రాశావు. తాడు మాటకు జవాబు తర్వాత చెప్తాను. కోపంలో రాస్తే నా అక్షరాలు మరీ వంకర పోతాయి.

మూడేళ్ళ కింద నువ్వు మిల్లు పనికి పోయేనాటికే అమ్మకు మరుపు మొదలైంది తమ్మీ. మనం పోల్చుకోలేదు. దుబ్బాక మనల్ని పోల్చుకోనివ్వలేదు. ఇంటి నుండి బావికి, బావి నుండి గుడికి, గుడి నుండి అంగడికి అమ్మ కాళ్ళు యాభై ఏళ్ళు నడిచాయి. మనసు మరిచిపోయినా కాళ్ళు తీసుకుపోయి తీసుకువచ్చేవి. ఉప్పు కోసం పోయి పప్పు తెచ్చేది, కాని తిన్నగా మన ఇంటికే తెచ్చేది. మేము నవ్వుకొని ఊరుకునేవాళ్ళం.

యుద్ధం పుణ్యమా అని దుబ్బాకలో నూలు దొరకడం లేదు. సిద్ధిపేటలో కంట్రోలు నూలు ఇస్తున్నారంటే ఉగాది తర్వాత మగ్గం విప్పుకొని, అమ్మను వెంటబెట్టుకొని ఇక్కడికి వచ్చాం. వచ్చిన మర్నాడే బయటపడింది. బావి మా వాకిట్లో నిలబడితే కనిపిస్తుంది. అమ్మ పోయింది, నీళ్ళు చేదుకుంది, వెనక్కి తిరిగింది, అక్కడే నిలబడిపోయింది. నేను పోతే నా కొంగు పట్టుకుంది. "గీ ఊరు ఏదే?" అని అడిగింది. నేను చాలా రోజులు ఆలోచిస్తే గాని నాకు అర్థం కాలేదు. పోయేటప్పుడు కనబడిన వీధి, వచ్చేటప్పుడు అటు తిరిగి కనబడుతుంది కదా. నీకూ నాకూ అది ఒకటే వీధి. అమ్మకు రెండు వీధులు, రెండోది ఎన్నడూ చూడనిది. ఇది మొండితనమా, నువ్వే చెప్పు.

ఇంకొక చిక్కు కూడా వచ్చింది. దుబ్బాకలో మన గడప దాటగానే కుడివైపు మగ్గం, ఎడమవైపు పొయ్యి. ఇక్కడ మా కిరాయి ఇంట్లో అది తారుమారు. ఎదురింటి అంజవ్వ వదిన, ఆమె పెనిమిటి నాగయ్య ఉండే ఇల్లు మాత్రం అచ్చంగా మన దుబ్బాక ఇల్లే. అమ్మ నేరుగా ఆ ఇంట్లోకి పోయి, పొయ్యి ముందు కూర్చొని, అంజవ్వ వదిననే, "నువ్వెవరమ్మా, మా ఇంట్ల ఏం పని?" అని అడిగింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. నాలుగోసారి ఉడికే కుండ దించి, "గింత ఉప్పా?" అని నేల మీద కుమ్మరించింది.

నాగయ్య కోపిష్టి. వాకిట్లోకి వచ్చి, "గిట్ల ఇండ్లల్లకు జొరవడితె ఎట్ల చెల్లె? కాలికి ఇంత తాడేసి గుంజకు కట్టేయున్రి" అన్నాడు. అంటే తాడు మాట చెప్పినవాళ్ళలో నువ్వు మొదటివాడివి కాదు. దవాఖానకు కూడా తీసుకుపోయాం. డాక్టరు సాబు మంచివాడు, నెమ్మదిగా చూశాడు. "గీ మరుపుకు మందు లేదు. జాగ మార్చిన కొద్దీ గావరైతది. ఉన్నకాడనే నిమ్మలంగ ఉంచున్రి" అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకో, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

శ్రావణంలో ఒకరోజు అమ్మ కనబడకుండా పోయింది. నీకు అప్పుడు రాయలేదు. నేను బట్టలు ఉతుక్కొని వచ్చేసరికి ఇల్లు ఖాళీ. నూలుకు పోయి వచ్చిన మీ బావ మూట గడపలోనే పడేసి దుబ్బాక తొవ్వ పట్టుకొని పరుగెత్తాడు. నాగయ్య కోమటి చెరువు దిక్కు పోయాడు. ఎందుకు అటు పోయాడో నాకు తెలుసు. నీళ్ళలో చూడడానికి. ఆ మాట నాకు చెప్పకుండా పోయినందుకు ఆ మనిషి మీద నాకున్న కోపం సగం ఆనాడే తీరింది. నేను సందు సందూ తిరిగాను. కనబడినవాళ్ళనల్లా అడిగాను. గొంతు పోయింది.

పొద్దు వాలుతుండగా దొరికింది. ఎక్కడో తెలుసా? మా వీధికి రెండు సందుల అవతల, ఎవరో సాలెవాళ్ళు పడుగు పోస్తున్న జాగలో. మీ మిల్లులో ఆ పని మిషన్లే చేస్తాయట కదా, మన పద్ధతి నీకు గుర్తుందో లేదో. వరుసగా కర్రలు పాతి, చేతిలో నూలు పట్టుకొని, ఒక కర్రకు కుడి నుండి, తర్వాతి కర్రకు ఎడమ నుండి పోగు వేసుకుంటూ చివరి కర్ర దాకా నడవాలి. దాన్ని చుట్టి మళ్ళీ మొదటి కర్రకు రావాలి. అట్లా పొద్దంతా. అమ్మ ఏడేళ్ళ పిల్లగా మొదలుపెట్టిన పని అది. అక్కడ ఆమె చేతిలో నూలుతో, కొంగు నడుముకు దోపుకొని, నడుస్తున్నది. ముఖంలో గాబరా లేదు.

ఆ ఇంటి ఆడవాళ్ళు, "గీ పెద్దవ్వ మీదేనా? పొద్దటిసంది పోగు పోస్తుంది. కూలికి ఎవలన్న తోలిన్రేమో అనుకున్నం. ఒక్క పోగు తప్పలే" అన్నారు. కూలికి వచ్చిన మనిషి అనుకొని అమ్మకు మధ్యాహ్నం తినడానికి జొన్న గట్క కూడా పెట్టారట! నన్ను చూసి అమ్మ, "జర నిలవడు. చివరి కర్ర మలుపుకొని వస్త" అంది. నేను అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చాను. ఏడుస్తూ ఏడుస్తూనే నాకు ఒక సంగతి తట్టింది. పొద్దుటి నుండి అన్నిసార్లు అటు పోయిన అమ్మ, అన్నిసార్లూ మొదటి కర్రకు తిరిగి వచ్చింది. ఒక్కసారి కూడా దారి తప్పలేదు.

మర్నాడు మీ బావను కర్రలు చెక్కమన్నాను. మా గడప నుండి బావి దాకా, గోడలకు మనిషి పట్టేంత ఎడంగా, రెండేసి అడుగులకు ఒకటి.

"బాజార్ల పడుగు కర్రలు పాతుతె నలుగురు ఏమంటరే?" అన్నాడు.

"నా తల్లి తప్పిపోతె గా నలుగురు వచ్చి దేవులాడ్తరా?" అన్నాను. గొడ్డలి తీశాడు.

నాగయ్య వచ్చాడు. "బాజారు నీ అయ్య జాగీరా చెల్లె?" అన్నాడు. "కాదన్నా. నీ అయ్యది గూడ కాదు" అన్నాను. అంజవ్వ వదిన లోపలి నుండి పకపకా నవ్వింది. ఆ నవ్వుకు ఆయన రెండు కర్రలు తన అరుగుకు అడ్డం రాకుండా జరిపించుకొని పోయాడు.

మొత్తం ఇరవై కర్రలు. అమ్మ చేతికి చిన్న బిందె ఇచ్చి గడప ముందు నిలబెట్టాను. కర్రల వరుస చూసింది. బిందె ఎడమ చంకలో పెట్టుకుంది. కుడిచెయ్యి తనంతట తానే లేచింది. ఒక కర్రకు కుడి నుండి, ఒక కర్రకు ఎడమ నుండి, చేతిలో లేని పోగును వేసుకుంటూ బయలుదేరింది. చివరి కర్ర దాకా పోయింది, దాన్ని చుట్టింది, చక్కగా ఇంటికి తిరిగి వచ్చింది. ఖాళీ బిందెతో!

"నీళ్ళేవి అమ్మా?" అన్నాను.

"నీళ్ళెందుకే? పోగు మలిపిన కదా" అంది.

తప్పు నాది. చివరి కర్ర బావికి ఇవతల పాతాను. పడుగు పోసేవాళ్ళు చివరి కర్ర దాటిపోతారా? మర్నాడు దాన్ని పీకి బావికి అవతల పాతాం. ఇప్పుడు బావి నడుమ వస్తుంది. అక్కడి ఆడవాళ్ళతో, "ఆమెను ఇంటికి తోలకున్రి, బిందె మాత్రం యాది చెయ్యున్రి" అని చెప్పి పెట్టాను. నాలుగో రోజు నీళ్ళు వచ్చాయి. సగం బిందె. ఆ నీళ్ళు తాగడానికి నాకు మనసొప్పలేదు. దేవుని ముందు పెట్టాను.

పది రోజులకు ఇంకో విచిత్రం జరిగింది. అమ్మ తొమ్మిదో కర్ర దగ్గర ఆగిపోయింది. చూస్తే, ఆ కర్రను రెండు చేతులతో ఊపి పీకుతున్నది. "ఎవడు పాతిండు గిది? వరుస తప్పింది. పోగు వదులైతది" అని తిట్టి, జానెడు ఇవతల గుంత చేసి తానే పాతింది. పాతింది మీ బావే. తల వంచుకొని మగ్గం గుంటలో దిగాడు, మధ్యాహ్నం దాకా బయటికి రాలేదు. నేను మాత్రం ఆరోజు పాయసం వండాను. కొత్త ఊళ్ళో బావి దగ్గరే నిలిచిపోయిన మనిషి ఆ దారిని తప్పుపట్టి దిద్దిందంటే, ఆ దారి ఆమెదైనట్టే కదా తమ్మీ.

ఇప్పుడు తాడు మాట. నేను నీ మీద కోపగించుకోగల దాన్ని కాదు. నీ ఉత్తరం రాకముందే ఆ పని నేను చేశాను. అమ్మ తప్పిపోయిన రోజు ఉదయం నేనే ఆమెను కట్టేశాను. నీకు రాయలేదు, మీ బావకు కూడా చెప్పలేదు. బట్టలు ఉతకాలి, వెంట తీసుకుపోతే చెరువు, వదిలిపోతే వీధి, ఏం చెయ్యను అనుకున్నాను. నూలు తాడు తీసుకొని కాలికి, మగ్గం గుంజకు వేసి, మూడు సాలె ముడులు బిగించాను. అమ్మ ఎదురు తిరగలేదు. కాలు ముందుకు చాపి, "పోగు తెగిందా బిడ్డా? మంచిగ ముడెయ్యి" అంది. ఆ మాట విని కూడా నేను ముడి వేశాను. నేను తిరిగి వచ్చేసరికి తాడు నేల మీద లేదు. తెగనూ లేదు. మూడు ముడులూ విప్పి, ఉండగా చుట్టి, గోడ మీది మేకుకు తగిలించి ఉంది. ఆ ముడి వేయడం నాకు నేర్పింది ఆమే. నేను ఏం ముడి వేస్తే ఆ వేళ్ళకు అడ్డం?

రోజంతా వెతుకుతుంటే ఆ మేకుకు వేలాడే తాడే నా కళ్ళ ముందు ఉంది. నా తల్లి ఏ నీళ్ళలోనో పడి ఉంటే ఆ పాపం నాదే అనుకున్నాను. అందుకే ఆ మట్టిలో కూలబడి అంత ఏడ్చాను. నిన్న మీ బావకు చెప్పాను. ఆయన లేచి ఆ తాడు తీసి పొయ్యిలో వేశాడు. ఈ రోజు నీకు చెప్తున్నాను. తిట్టాలంటే తిట్టు, పడతాను.

కాని మొన్న సోమవారం జరిగింది విన్నాక తిట్టు. వీధి చివర ఎవరింటికో పెండ్లి సామాను బండి వచ్చింది. దారి ఇరుకై చక్రం తట్టుకుంటున్నదని బండి మనిషి నడిమి కర్రలు నాలుగు పీకి గోడ వార పడేశాడు. అతనికేం తెలుసు పాపం. ఆ వేళకు అమ్మ బావి దగ్గర ఉంది. నేను పిండి పిసుకుతున్నాను. అంజవ్వ వదిన కేక వేస్తే బయటికి వచ్చాను.

అమ్మ చంకలో నిండు బిందెతో తిరిగి వస్తున్నది. కర్రలు అయిపోయిన చోట ఆగింది. లేచిన చెయ్యి గాలిలో అట్లాగే ఉండిపోయింది. అటు చూసింది, ఇటు చూసింది. మొదటి రోజు బావి దగ్గర చూసిన ముఖమే మళ్ళీ చూశాను. పిండి చేతులతోనే పరుగెత్తబోయాను.

"ఉరుకకు చెల్లె. ఉరికొస్తె బెదురుతది" అని నాగయ్య తన మగ్గం గుంటలో నుండి లేచి వచ్చాడు. నెమ్మదిగా నడిచి, పీకేసిన మొదటి కర్ర గుంతలో కాలు పెట్టి, చేతులు కిందికి వదిలి, నిటారుగా నిలబడ్డాడు. కర్రలాగా! నోరు తెరిచి చూస్తున్న అంజవ్వ వదినతో, "ఏం జూస్తున్నవ్? నువ్వు గా గుంతల నిలవడు" అన్నాడు. ఆమె రెండో గుంతలో నిలబడింది. మూడో దాంట్లో బండి మనిషిని భుజం పట్టి నిలబెట్టారు. అతనికి ఏమీ అర్థం కాలేదు గాని కదలకుండా నిలబడ్డాడు. మా ఇంటి వైపున్న నాలుగో గుంతలో నేను.

అమ్మ చూసింది. గాలిలో ఆగిన చెయ్యి కదిలింది. నాగయ్యకు కుడి నుండి వచ్చింది. "గీ కర్ర బాగ లావున్నది" అంది. నాగయ్య పెదవి కూడా కదపలేదు. అంజవ్వ వదినకు ఎడమ నుండి, బండి మనిషికి కుడి నుండి. నా దగ్గరికి వచ్చి ఒక్క ఘడియ ఆగింది. నా భుజం మీద చెయ్యి వేసి నిమిరి, "గిది మా ఇంటి కర్ర" అని నాకు ఎడమ నుండి సాగిపోయింది. నన్ను గుర్తుపట్టిందో లేదో నాకు తెలియదు. నాకు అది చాలు.

మిగిలిన కర్రలు దాటి, గడప ఎక్కి, బిందె దించింది. మెడ దాకా నీళ్ళు. వీధి వీధంతా ఒక్కసారి కేక పెట్టింది, బండి ఎద్దులు బెదిరాయి. అమ్మ వెనక్కి తిరిగి, "ఏందే లొల్లి? ఎవలిదన్న పెండ్లా?" అంది. "ఔ అమ్మా, పెండ్లే" అన్నాను. నాగయ్య తానే గడ్డపార తెచ్చి నాలుగు కర్రలూ మళ్ళీ పాతి, మొదళ్ళలో రాళ్ళు కొట్టాడు. బండి మనిషితో, "గిది సాయవ్వ తొవ్వ. బండి గా సందులకెల్లి తోలుకో" అన్నాడు. తాడు వేసి కట్టమన్న నోరే ఆ తొవ్వకు అమ్మ పేరు పెట్టింది.

ఇంక నీ ఉత్తరానికి నా జవాబు ఇది. అమ్మను షోలాపురం పంపను. నీ ప్రేమ మీద అనుమానంతో కాదు. డాక్టరు సాబు మాట గుర్తుంది కదా, అంత పెద్ద ఊళ్ళో ఆమెకు మళ్ళీ మొదటి నుండి అన్నీ కొత్తవవుతాయి. ఇక్కడ నలభై అడుగులు గెలిచింది. వచ్చే నెల కర్రలు గుడి దాకా పాతుతాం, చెక్కడం కూడా అయింది. నువ్వు మాత్రం పుష్యంలో రా. తీసుకుపోవడానికి కాదు, చూసిపోవడానికి రా.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. తాడు మాట వదిలేశాను. అంతా విని, "లింగమూర్తి అంటె ఎవలు?" అంది. నీకు బాధ కలుగుతుందని తెలుసు, అయినా దాచను. ఇక దాచడం మానేశాను. "నీ కొడుకమ్మా. షోలాపురంల ఉంటడు. పుష్యంల మన ఇంటికొస్తడు" అన్నాను. తర్వాత నా చెయ్యి పట్టుకొని అడిగింది.

"గంత దూరంకెల్లి వస్తడా? వానికి తొవ్వ తెలుస్తదా బిడ్డా? తెల్వకుంటె కర్రలు పాతున్రి."

అందుకని, తమ్మీ, నీ కోసం మా వీధి మొదట ఒక కర్ర కొత్తగా పాతించాం. గుంత అమ్మే చేసింది. బస్సు దిగి సాయవ్వ తొవ్వ అని అడుగు, ఎవరైనా చూపిస్తారు. మొదటి కర్రకు కుడి నుండి, రెండోదానికి ఎడమ నుండి నడిచి రా. అమ్మ ఎదురొస్తుంది.

ఇట్లు,
పలక నీదైనా పెద్దరికం తనదే అయిన
నీ అక్క,
అనసూర్య.